మాయకు మేర యెంత?

ధర్మసందేహము లెల్లప్పుడును పురాణములలోవలె గొప్ప వేషములతో రావు. నేడు బళ్ళారి తెలుగు కుటుంబములలో వినవచ్చుచున్న యొక సందేహము అంగడి సరకును గూర్చినది. ముఖమునకు తొడుగు తగిలించుకొని, చుట్టును వేరొక లోకమున్నట్లు చూచుచు ఆడెడి ఆటలు వచ్చినవి. వానికై కంప్యూటరులో మంచి గ్రాఫిక్సు కార్డు వేయింపవలెనని పిల్లవాడు కోరును. తండ్రి వెల యడుగును. వెల వినిన తాతగారు, "లేనిదానిని చూచుటకు ఇంత సొమ్మా?" అందురు. ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. కాని తాతగారు అడిగిన రూపములో దీనికి సమాధానము దొరకదు. లేనిదానిని చూచుటకు సొమ్మిచ్చుట మన యూరికి క్రొత్త గాదు.

బళ్ళారి నాటకముల యూరు. 1853లో జన్మించిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారును, మరుసటి యేట జన్మించిన కోలాచలము శ్రీనివాసరావుగారును ఇచ్చట వకీలు వృత్తిలో నుండియే సరసవినోదినీ సభ, సుమనోరమా సభ అను రెండు సమాజములను నడపిరి. వారి తరువాత బళ్ళారి రాఘవ (1880-1946) వచ్చెను. ఆయనయు వకీలే. కోలాచలమువారి 'రామరాజు చరిత్రము'లో ఆయన పఠాను రుస్తుముగా రంగమెక్కినప్పుడు, ఎదుట నున్నవాడు కోర్టులో వాదించెడి రాఘవాచార్యులని సభలో నెవ్వరికి దెలియదు? తెలిసియు చలించిరి. టిక్కెట్టు సొమ్మును గూర్చి యెవ్వరును చింతింపలేదు.

ఆ తెలివి యెట్టిదని మన ఆలంకారికులు ఏనాడో విచారించిరి. నటుని రామునిగా చూచుట సత్యజ్ఞానమా? కాదు. భ్రమయా? కాదు. సంశయమా, సాదృశ్యమా? అవియును గావు. అది చిత్రములోని గుఱ్ఱమును గుఱ్ఱమనుట వంటిదని శ్రీశంకుకుడు చెప్పినట్లు అభినవగుప్తుడు తెలిపెను. ఆ గుఱ్ఱమునకు మనము గడ్డి వేయము. గుఱ్ఱము గాదని చిత్రమును చింపివేయము. రంగస్థలము సగమే యిచ్చును. తక్కిన సగము చూచువాని హృదయము చేర్చుకొనును. తెల్లగుడ్డ వెనుక దీపము పెట్టి తోలుబొమ్మ నాడించినచో రావణుని పది తలలకును ప్రాణము వచ్చుచున్నది. నిమ్మలకుంటవారి తోలుబొమ్మలాటయైనను, కన్నడిగుల తొగలుగొంబెయాటయైనను మర్మ మొక్కటియే.

అట్లైనచో ఈ క్రొత్త మాయకును కొంచెము దీపము, కొంచెము గుడ్డ చాలవా? చౌకకార్డుతో సరిపెట్టుకొని తక్కినది పిల్లవాని ఊహకు విడువరాదా? తండ్రులలో పలువురు ఇట్లే తలచుచున్నారు. ఇచ్చటనే జాగ్రత్తగా ఆలోచింపవలెను.

నాటకశాలలో మనము తల త్రిప్పినచో ప్రక్కవాడు కనబడును. రంగము తన చోట తానుండును. ఈ తొడుగులో అట్లు గాదు. తల త్రిప్పిన దిక్కునకు లోకమును అప్పటికప్పుడు మరల గీయవలెను, అదియు రెండు కన్నులకు రెండు చిత్రములుగా గీయవలెను. 2016లో అంగడికి వచ్చిన రిఫ్ట్, వైవ్ అను తొడుగులు సెకనుకు 90 చిత్రములు కోరినవి. అనగా ఒక్కొక్క చిత్రమునకు కార్డునకు దొరకు వ్యవధి సెకనులో వేయింట 11 వంతులు మాత్రమే. ఒక్కొక్క కంటికి 1080 అడ్డము, 1200 నిలువు చుక్కల చొప్పున లెక్కించినచో, సెకనుకు 23 కోట్లకు పైగా చుక్కలు పెట్టవలెను. సాధారణపు 1920, 1080 చుక్కల తెరపై సెకనుకు 60 చిత్రములతో ఆడు ఆటకు 12 కోట్లు చాలును. 2023లో వచ్చిన క్వెస్ట్ 3 తొడుగునందు ఒక్కొక్క కంటికి 2064, 2208 చుక్కలు. దానిని 90 చిత్రముల వేగముతో నింపుటకు 82 కోట్లు కావలెను. కటకముల వంపును సరిదిద్దుటకు ఇంకను ఎక్కువగా గీయుదురు.

లెక్క యటుండనిండు. చిత్రము ఆలస్యమైనచో ఏమగును? తల తిరిగినదని చెవిలోని సమతౌల్యేంద్రియము చెప్పును. లోకము కదలలేదని కన్ను చెప్పును. ఈ సాక్షులిద్దరికి పొసగక దేహము కలతపడును. తల దిమ్ము, చెమట, వాంతి. సహృదయుడు చిత్రములోని లోపమును పూరింపగలడు. ఆకులు మొఱకుగా నున్నను, నీడలు లేకున్నను, గోడ అట్టముక్కవలె నున్నను అతని ఊహ సరిపెట్టుకొనును. కాని కాలలోపమును ఊహ పూరింపజాలదు. ఇచ్చట తీర్పరి మనస్సు గాదు, దేహము. మా విచారణ యంతయు ఈ భేదముపై నిలిచినది.

దీనినుండియే కార్డు నెన్నుకొను న్యాయము వెడలుచున్నది. శోభను జూచి గాక, సమయపాలనమును జూచి కొనవలెను. సగటున సెకనుకు ఎన్ని చిత్రములని అంగడివాడు చెప్పు సంఖ్య చాలదు. అత్యంత మందగతి గల క్షణములో అది యెట్లుండునో అడుగవలెను. వంద చిత్రములలో తొంబదితొమ్మిది వేళకు వచ్చి ఒకటి తొట్రుపడినను, దేహము ఆ యొక్కదానినే పట్టుకొనును. హంగులను తగ్గించి వేగమును నిలుపుకొనుటకు సిద్ధపడినచో మధ్యస్థమైన కార్డే చాలును. మొదట ఓక్యులస్‌వారు జీటీఎక్స్ 970 ఉండవలెననిరి. 2016 అక్టోబరులో, సెకనుకు 45 చిత్రములే గీసి నడిమి చిత్రములను యంత్రమే కల్పించు ఉపాయమును తెచ్చి, 960 చాలునని కనిష్ఠమును తగ్గించిరి. ఇది తోలుబొమ్మలవారికి నచ్చెడి ఉపాయమని మాకు దోచుచున్నది. క్వెస్ట్ వంటి తొడుగులలో యంత్రము లోననే యుండును. వానికై వచ్చిన ఆటలతో తృప్తిపడువానికి ఈ కార్డే అక్కరలేదు. ఈ మాట అంగడిలో ఎవ్వరును మొదట చెప్పరు.

పై మేర యొకటి యున్నది. 2022లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 4090 అను కార్డు 450 వాట్ల విద్యుత్తును త్రాగును. 75 వాట్ల పాత సీలింగు ఫ్యానులు ఆరింటికి సరిపోవు శక్తి. అదంతయు వేడిగా మారి గదిలోనే మిగులును. బళ్ళారి వేసవి సంగతి మనకొకరు చెప్పనక్కరలేదు. గది కాగిన కొలది కార్డు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. అప్పుడు కొన్న శక్తిలో కొంత కొనని దానితో సమానము. పాతకార్డులును దొరకును. 2022 సెప్టెంబరులో ఈథీరియము అను నాణెము గనిత్రవ్వకము మానినపుడు, ఆ పనిలో రేయింబవళ్లు కాగిన కార్డులు అంగళ్లకు వచ్చినవి. గనుల జిల్లావారమైన మనకు, త్రవ్వివేసినపిదప మిగులునదేమో కొంత తెలియును గదా!

కావున పొదుపు ఇచ్చట రెండు తీరులుగా చెడుచున్నది. కావలసినదానికి మించి కొనుట దుబారా యని అందరును ఒప్పుకొందురు. కావలసినదానికి తక్కువ కొనుట పొదుపు అనుకొందురు. అది పొదుపు గాదు. సగము లోతున ఆపిన బావి నీరీయదు, సొమ్మును మిగుల్పదు. పిల్లవాడు పది నిముషములు ఆడి తల పట్టుకొని కూర్చుండును. పెట్టినది మట్టి యగును. ఆ మేరను ముట్టలేనినాడు ఇప్పుడు కొనమని స్పష్టముగా చెప్పుటయే మేలు. సరిహద్దు జిల్లాలో నాలుగు తరములుగా చెమటోడ్చి స్థిరపడిన యిండ్లలో, కళాశాల రుసుము ముందా ఆట ముందా యనుటకు సిగ్గుపడ నక్కరలేదు. కాని "అదంతయు అబద్ధము" అని మాత్రము అనరాదు. ఆ హేతువు నిలువదు. 1953 అక్టోబరు 1న గీయబడిన గీతతో ఆదోని, ఆలూరు, రాయదుర్గము ఆంధ్రమునకును, బళ్ళారి మైసూరునకును చెందినవి. ఆ గీతను పొలములో నెవ్వరును చూడలేదు. మన బిడ్డ లే భాషలో చదువుకొనవలెనో అదియే నిర్ణయించినది. కంటికి కనబడని దెల్ల అబద్ధమనుట మనకు చెల్లదు.

తాతగారి భయములో వేరొక సత్యము గలదు. ఎత్తైన మేడ కొననుండి చాచిన పలకపై నడిపించు ఆట యొకటి యున్నది. క్రింద నున్నది తన యింటి నేలయే యని ఆడువానికి తెలియును. అయినను మోకాళ్లు వణకును. ఎండమావి నీరు గాదని తెలిసినవానికిని ఎండమావి కనబడుచునే యుండును. దీనినే వేదాంతులు బాధితానువృత్తి యనిరి. అనగా, బొమ్మయే గదా, తెలిసియే చూచుచున్నాడు గదా యను ధీమా ఇచ్చట పూర్తిగా చెల్లదు. చిత్రములోని గుఱ్ఱము ఇప్పుడు కొంత తన్నుచున్నది. కార్డు ఎంత మేలైనదో ఆ తన్ను అంత బలమైనది. యంత్రమును కొనిచ్చి, దానిలో ఏమి చూచుచున్నాడో అడుగని తండ్రి సగము పనియే చేసినవాడు. తయారీదారులు పదుమూడేండ్లలోపువారికి వలదనుచుండిరి. 2023లో మెటా సంస్థ తల్లిదండ్రుల యనుమతితో పదేండ్లకు తగ్గించినది. ఆ యనుమతిపత్రముపై 'సరి' యని నొక్కుట ఎంత సులభమో మనకు తెలియును.

ఇట్టి మాయను మన జిల్లాలోనే యొక మంచి పనికి వాడిరి. సారా కెండర్‌డైన్, జెఫ్రీ షా అనువారు 2006లో 'ప్లేస్ హంపి' అను ప్రదర్శనను కూర్చిరి. నడుమ తిరుగుడు వేదిక, చుట్టును గుండ్రని తెర, కన్నులకు త్రిమితీయపు అద్దములు. తోరణగల్లులోని కళాధామమునందు దానికి స్థిరమైన యునికి యేర్పడినది. అచ్చట వేదిక తిరిగిన కొలది హంపి చుట్టును లేచును. చూచిన పిల్లలను ఆ పిమ్మట హంపికే కొనిపొండు. విరూపాక్షాలయపు వెనుకభాగములో నొక చీకటిగది గలదు. చిన్న రంధ్రమునుండి వచ్చిన వెలుగు తొమ్మిది యంతస్తుల రాజగోపురమును గోడపై తలక్రిందుగా నిలుపును. కొననుండి వచ్చు కిరణము తిన్నగా పోయి గోడపై క్రిందను, అడుగునుండి వచ్చునది పైనను పడును, అంతే. అచ్చట మేఘము అడ్డము వచ్చినపుడు మాత్రమే గోపురము మాయమగును. చూచువానికి తల తిరుగదు. రేపు కొనబోవు కార్డు గూర్చి తండ్రియు కొడుకును అచ్చటనే నిలిచి మాటలాడుకొనవచ్చును. వెలుపల ఎండలో, కొబ్బరిబొండముల బండి యొద్ద, ఆ సంభాషణ అంత చక్కగా సాగదు.