మాట మీద నిలబడే ప్రేమ

నారద భక్తి సూత్రాల్లో ప్రేమకి కోరిక ఉండదని చెప్పుకున్నాం కదా. ఈసారి అదే ప్రశ్నని పక్కింటి గుమ్మం దగ్గర నిలబడి అడుగుదాం.

బైబిల్ పాత నిబంధనలో ‘హెసెద్’ అని ఒక హీబ్రూ మాట ఉంది. తెలుగు బైబిల్లో చాలాచోట్ల దాన్ని ‘కృప’ అన్నారు. మనకి కృప అంటే పైనుంచి కురిసే దయ. హెసెద్‌లో ఇంకోటి కూడా ఉంది, ఇచ్చిన మాటకి కట్టుబడటం. అవతలివాళ్ళు తప్పినా నేను తప్పను అనే పట్టు. 136వ కీర్తనలో 26 వచనాలుంటే, హీబ్రూలో ప్రతి వచనమూ ఈ మాట దగ్గరికే వచ్చి ఆగుతుంది. నాకైతే నామజపంలా అనిపించింది.

మరి మనిషిలో అది ఎలా ఉంటుంది? దానికి మన గుంటూరే చాలు. అన్నా కుగ్లర్ అమెరికాలోని పెన్సిల్వేనియాలో డాక్టరు చదివి, లూథరన్ మిషన్ తరపున 1883లో గుంటూరు వచ్చారు. మొదట ఆమెని డాక్టరుగా పంపనేలేదు. అయినా వచ్చిన దగ్గర్నుంచీ రోగుల్ని చూస్తూనే ఉన్నారు. మగ డాక్టరు ముందుకి ఆడవాళ్ళు రాని రోజులు. అలాగని ఈమెకి స్వాగతాలేం పలకలేదు. పెద్దకులాల ఇళ్ళలో ఆమెని తాకితే మైల అనే పట్టింపు ఉండేది. (రాత్రి రెండింటికి సర్వర్ అలర్ట్ వస్తేనే మనం ఎంత విసుక్కుంటాం!) 1898లో ఆసుపత్రి తెరిచారు. 1930లో గుంటూరులోనే కన్నుమూశారు. మధ్యలో సెలవులకి వెళ్ళొచ్చినా, మొత్తం 47 ఏళ్ళు.

ఇప్పుడు మీ మనసులో ఉన్న ప్రశ్నే నాకూ ఉంది. ఆవిడ మిషనరీ కదా, మతం మారాలనే కోరికతో చేసింది ప్రేమెలా అవుతుంది? ఆ కోరిక ఆవిడకి ఉంది, దాచుకోలేదు కూడా. మతమార్పిడి ఉద్దేశంతో నాకు పేచీ ఉంది, అది ఇప్పటికీ తీరలేదు. కానీ ఒకటి ఆలోచించండి. తనకి గొప్పదనిపించింది మనకీ దక్కాలని అమ్మ కోరుకోదా? కోరిక ఉన్నంత మాత్రాన ప్రేమ అబద్ధం కాదు. మనం ‘వద్దు’ అన్నాక ఏం జరుగుతుందన్నదే అసలు పరీక్ష. బేరమైతే అక్కడితో ఆగిపోతుంది. కుగ్లర్ గారి దగ్గరికి వచ్చినవాళ్ళలో ఎంతోమంది హిందువులుగానే వచ్చి, హిందువులుగానే ఇంటికెళ్ళారు. మర్నాడు ఆసుపత్రి తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి.

నారదులవారు చెప్పిన కోరికలేని ప్రేమ దీనికంటే ఒక మెట్టు పైదే అని నా అభిప్రాయం. కానీ రోజువారీ బతుకులో ఆ పైమెట్టు మీద ఎంతమందిమి ఉన్నాం? మూడు నెలలు రిప్లై రాకపోతే నంబరే తీసేసే కాలం మనది.

ఇంకో సంగతి. హిందువైన ఏలూరు రాజావారు కృతజ్ఞతతో ఆ ఆసుపత్రి దగ్గర రోగుల బంధువుల కోసం సత్రం కట్టించారు. మిషన్ ఆసుపత్రికి హిందూ జమీందారు సత్రం! ఎవరూ ఎవరినీ గెలవలేదు. చుట్టుపక్కల పల్లెల నుంచి కాన్పుకొచ్చిన కూతురితో పాటు వచ్చిన తల్లికి, రాత్రి పడుకోవడానికి చోటు మాత్రం దొరికింది.