చంద్రుని సాక్ష్యం: ఛాయాచిత్రంలో అతిశయోక్తి, అసత్యం

ఛాయాచిత్రకారుడు డార్క్‌రూమ్‌లో ఆకాశాన్ని నల్లబరిస్తే దానిని అసత్యమనవచ్చునా? అనవచ్చునంటే, కొండపై పొడిచిన చంద్రబింబాన్ని పెద్దది చేసి అతికించడాన్ని ఏమనాలి? రెండింటినీ ‘మార్పు’ అనే ఒకే మాటతో వ్యవహరించడం పరిపాటి అయింది. అవి ఒకే జాతికి చెందినవి కావని ఈ వ్యాసం ప్రతిపాదన.

అమెరికన్ ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ తీసిన ‘మూన్‌రైజ్, హెర్నాండెజ్, న్యూ మెక్సికో’ ఈ విచారణకు తగిన లక్ష్యం. దిగువన చిన్న గ్రామం, చర్చి, శ్మశానంలో తెల్లని శిలువలు. వెనుక మంచు శిఖరాలు, మబ్బుల బారు. పైన నిండుకు చేరువైన చంద్రుడు. శిలువలపై పొద్దువాలు వెలుగు తొలగిపోబోతున్నది. కాంతిమాపకం చేతికందలేదు. చంద్రుని ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని జ్ఞాపకముండడంతో, దానిని ఆధారం చేసుకొని ఆడమ్స్ ఎక్స్‌పోజర్ లెక్కకట్టాడు. ఒక్క నెగటివ్ దక్కింది. రెండవది తీసేలోగా వెలుగు పోయింది.

1948లో ఆ నెగటివ్ దిగువ భాగాన్ని రసాయనంతో గాఢపరచాడు. దశాబ్దాల పాటు వేయికి పైగా ప్రతులు ముద్రించాడు. తొలి ప్రతుల్లో ఆకాశం బూడిదరంగులో, పైభాగాన పలుచని మబ్బులతో ఉంటుంది. తరువాతి వాటిలో దాదాపు కారునలుపు. పొద్దువాలే వేళ ఏ ఆకాశమూ అంత నల్లగా ఉండదు.

మన ఆలంకారికులకు ఈ చిక్కు తెలియనిది కాదు. దండి స్వభావోక్తిని తొలి అలంకారంగా గణించాడు. స్వభావం అలంకరింపదగిన వస్తువే గాని అలంకారం కాజాలదని కుంతకుడు ఆక్షేపించాడు. ఛాయాచిత్రాన్ని శుద్ధ స్వభావోక్తిగా భావించేవారు ఈ ఆక్షేపణను గమనించాలి: కటకాన్నీ ఫిల్టర్‌నూ ఎంచుకొన్న క్షణాననే చిత్రకారుని ‘ఉక్తి’ మొదలైంది. అతిశయోక్తి సంగతి వేరు. పట్టణపు మేడలు చంద్రమండలాన్ని ఒరుసుకొంటున్నాయని కవి వర్ణిస్తే ఎవరూ నిచ్చెన తెచ్చి కొలవరు. కవికీ సహృదయునికీ నడుమ ఒప్పందం ఉంది. ఛాయాచిత్రాన్ని చూసేవాడు మాత్రం ఆ చోట, ఆ వేళ, చంద్రుడు అక్కడే ఉన్నాడని నమ్ముతాడు.

అతికించేవారి సమర్థన తేలికగా తోసివేయదగినది కాదు. చంద్రుడు ఆకాశంలో ఆక్రమించే కోణం సుమారు అర డిగ్రీ. 50 మిల్లీమీటర్ల కటకం దానిని అర మిల్లీమీటరుకు లోపు చుక్కగా నమోదు చేస్తుంది. కొండ అంచున ఉదయించే బింబం పెద్దదిగా తోచడం మన మనస్సు చేసే పని. కెమెరాకు మనస్సు లేదు. ‘మేము అనుభవించినదే చూపాము’ అని వారంటారు. కానీ ఆ అనుభవానికి న్యాయమైన దారి మరొకటి ఉంది. కొండకు చాలా దూరంగా వెళ్లి దీర్ఘకటకంతో తీస్తే శిఖరం చిన్నదై, దాని పక్కన చంద్రుడు పెద్దవుతాడు. అక్కడ కొండకూ చంద్రునికీ ఉన్న సంబంధం మారలేదు, చూసే చోటు మారింది. నేలకొకటి, చంద్రునికొకటి వేర్వేరు ఎక్స్‌పోజర్‌లు అదే చోటి నుండి తీసి కలిపినా, ఆ సంగతి చెప్పినంత కాలం నాకు అభ్యంతరం లేదు.

ఈ సంబంధం ఎంత విలువైనదో ఆడమ్స్ చిత్రమే నిరూపించింది. తేదీల విషయంలో ఆయనకు పట్టింపు లేదు. ఈ చిత్రానికే వేర్వేరు సందర్భాల్లో వేర్వేరు సంవత్సరాలు చెప్పాడు. చిత్రంలోని చంద్రుని స్థానాన్ని బట్టి డేవిడ్ ఎల్మోర్ అది 1941 అక్టోబర్ 31 అని లెక్కతేల్చాడు. 1991లో డెనిస్ డి సికో ఆ గణనను సవరించి 1941 నవంబర్ 1, సాయంత్రం 4.49 అని నిర్ణయించాడు. ఆకాశాన్ని ఎంత నల్లబరచినా చంద్రుణ్ణి కదల్చలేదు గనుకనే, చిత్రకారుడు మరచిన తేదీని చిత్రం చెప్పగలిగింది. అతికించిన చంద్రుణ్ణి ఇలా ప్రశ్నిస్తే జవాబు రాదు; వస్తే తప్పుడు జవాబు వస్తుంది.

ఆడమ్స్ తుడిచివేసిన మబ్బుల మాట మాత్రం మిగిలే ఉంది. మబ్బుల ఉనికీ సాక్ష్యమే. తొలి ప్రతులు నిలిచి ఉన్నందువల్ల అవి అక్కడ ఉండేవని మనకు తెలుస్తున్నది. చివరి ప్రతి ఒక్కటే మిగిలి ఉంటే తెలిసేది కాదు. ఆ మేరకు ఆయనను పూర్తిగా నిర్దోషిగా విడిచిపెట్టడానికి నాకు మనసొప్పదు.