వరిమొలకలో ధర్మం

కోతల కాలంలో మిర్యాలగూడ వెళ్తే మొదట కనిపించేవి రైస్ మిల్లుల ముందు బారులు తీరిన వడ్ల ట్రాక్టర్లు. కొనేవాళ్లు గుప్పెడు వడ్లు తీసి, అరచేతిలో నలిపి, ఒక గింజను పంటికింద కొరికి చూస్తారు. సర్కారు కొనుగోలు కేంద్రంలోనైతే తేమ 17 శాతం దాటకూడదు. ఎండబెట్టిన కష్టమంతా ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది.

ఇంతకూ ఈ వడ్లు పండించింది ఎవరు?

రైతే, సందేహం లేదు. కానీ ఆయన మడికి నీళ్లు తెచ్చింది నాగార్జునసాగర్ ఆనకట్ట ఎడమ కాలువ. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట వెనుక ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి, దాని బౌద్ధ విహారాలు మునిగిపోయాయి. తవ్వకాల్లో దొరికిన శిల్పాలు ఇప్పుడు జలాశయం మధ్య నాగార్జునకొండ మ్యూజియంలో ఉన్నాయి.

ఆచార్య నాగార్జునుడి పేరు మోస్తున్న కొండ అది. ప్రతీత్యసముత్పాదం, అంటే ఏదీ తనంతట తాను పుట్టదన్న బౌద్ధ సూత్రం, ఆయన తత్త్వానికి ప్రాణం. దాన్ని వివరించే మహాయాన గ్రంథం ఒకదాని పేరే శాలిస్తంబ సూత్రం. అందులో ఉదాహరణ వరిమొలక. విత్తనం, నేల, నీరు, వేడి, గాలి, ఆకాశం, రుతువు కలిస్తేనే మొలక. వాటిలో ఏదీ ‘నేనే మొలిపించాను’ అనుకోదు.

అలాగైతే ఎవరికీ ఏమీ బాకీ లేదా? కాదు, బాకీ మరింత పెరుగుతుంది. బస్తా మోసే హమాలీకి, నీరందక ఎదురుచూసే కాలువ చివరి రైతుకు, ముంపులో ఊరు వదిలిన కుటుంబాలకు కూడా ఆ అన్నంలో వాటా ఉంది.