మూసియున్న హృదయము – కథకుని ధర్మము

మనసు విప్పి చెప్పని మనిషిని కథలో నెట్లు చిత్రింపవలెను? ఇది శిల్పమునకు సంబంధించిన ప్రశ్నగా కన్పట్టును గాని, మా యభిప్రాయమున నిది ముఖ్యముగా ధర్మమునకు సంబంధించినది.

మన పూర్వు లీ విషయము నెఱుగనివారు కారు. భరతుడు చెప్పిన 33 వ్యభిచారిభావములలో అవహిత్థ యొకటి. లజ్జచేతనో, భయముచేతనో, గౌరవముచేతనో లోనిభావమును మరుగుపఱచుటయే యది. కుమారసంభవమున అంగిరసుడు పెండ్లిమాట యెత్తగా పార్వతి తండ్రిచెంత తలవంచి చేతి తామరరేకులు లెక్కించినది. ఆమె సంతోషించెనని కాళిదాసు చెప్పలేదు. చెప్పకయే మన కంతయు తెలిసినది. నోరు మూసిన వాని చేతులను చూడవలె ననుట మన మిందు నేర్వదగిన మొదటి పాఠము.

అయితే పార్వతి మౌనము సిగ్గువలన గలిగినది. అన్ని మౌనములు నట్టివి కావు. నిజాము పాలనలో నల్లగొండ, పాలమూరు పల్లెలయందు దొరగడి ముందర చేతులు కట్టుకొని నిలిచి, వెట్టి చేసి, ‘నీ బాంచెను దొరా’ యనుటకు మాత్రమే నోరు తెఱచినవాని మౌనము వేఱు. అది స్వభావము కాదు, ఆత్మరక్షణము. కోపము ముఖమున గనబడినచో వీపు పగులును.

ఇట్టివానిని గూర్చి వ్రాయునపుడు కథకులు రెండు తప్పులు చేయుదురు. వానికి సుఖదుఃఖములు తెలియవని యొకడు వ్రాయును. ఇంకొకడు వానిచేత రెండు పుటల విలాపము చేయించును. మొదటివాడు దొర కన్నులతో చూచినాడు. రెండవవాడు వాని నోట తన మాటలు పెట్టినాడు. ఇద్దఱును వానిని చూడలేదు.

ఆ మౌనము వెనుక నేమియు లేకున్నచో, నాటి నల్లగొండ జిల్లా కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తుపాకి గుండునకు బలియైన పిమ్మట ఊరూర జనులు తిరుగబడుట యెట్లు సంభవించును? తరతరములుగా దాచినదే గదా ఆనాడు బయటపడినది!

ఈ జిల్లాలోనే చెరువుమాధారమున 1915లో జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు వ్రాసినాడు. తాను చెఱసాలలో ఖైదీల నడుమ బ్రతికినవాడు గనుక, లోకము దోషులని త్రోసివేసిన వారియందు మనుష్యులను చూడగలిగినాడు. మూసిన హృదయ మెఱుగుటకు సహవాసముకంటె దగ్గఱిత్రోవ లేదు.

మౌనమును మెచ్చుకొనుట అన్యాయమును మెచ్చుకొనుట కాదా యని కొందఱడుగవచ్చును. సత్యమే. ఇంటి యాడుదాని దిగమ్రింగిన దుఃఖమును ‘ఓర్పు’ అని పొగడిన కథలు మన కెన్నియో కలవు. అట్టి పొగడ్త నోటికి వేసిన రెండవ తాళము. కథకుడు మౌనమును కొనియాడరాదు. తాళము వేసిన దెవరో చూపవలెను.

దొరల గడీలు నేడు పాడువడినవి. మౌనము మాత్రము పోలేదు. దూరదేశములకు మట్టిపనికి, కట్టడపు పనికి వలసపోయిన పాలమూరు కూలి ఫోనులో తల్లితో ‘అంతా మంచిగనే ఉన్నది’ అనును. ఆ మాటను కథకు డట్లే యుంచవలెను. దాని ప్రక్కన నాటి కూలి యెంతయో, తిన్నదేమియో, పండుకొన్న చోటేదో వ్రాసిన చాలును. బలవంతముగా తలుపు పగులగొట్టక, లోపల మనిషి యున్నాడని పాఠకునకు తెలియజేయుటయే కథకుని ధర్మము.