పిలాటిస్ చాప మీద

ఈమధ్య కొన్ని పిలాటిస్ క్లాసుల్లో పాటలు హోరెత్తిపోతున్నాయి. ‘ఇంకో పది, ఇంకో పది’ అని శిక్షకులు కేకలు పెడతారు. పాపం ఈ వ్యాయామ పద్ధతిని రూపొందించిన జోసెఫ్ పిలాటిస్ వింటే ఏమనేవాడో!

1883లో జర్మనీలో పుట్టిన ఆయన మొదటి ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటన్ నిర్బంధ శిబిరాల్లో గడిపాడు. 1926లో న్యూయార్క్ చేరాడు. అక్కడ దెబ్బలు తగిలిన నాట్యకారులు ఆయన దగ్గరికి వచ్చేవారు. తన సాధనను ఆయన కంట్రాలజీ అన్నాడు. ఆయన 1945 నాటి పుస్తకంలో చూపినవి 34 వ్యాయామాలే, అన్నీ చాప మీద చేసేవి. ఒక్కోటి కొద్దిసార్లు చేస్తే చాలు. కానీ ఎప్పుడు ఊపిరి పీల్చాలి, ఎప్పుడు వదలాలి అన్నది తెలిసి, మనసు పెట్టి చెయ్యాలి.

2000లో అమెరికా కోర్టు పిలాటిస్ పేరు ఎవరి సొత్తూ కాదని తేల్చింది. ఇక ఎవరికి తోచినట్టు వారు మార్చుకున్నారు. అన్ని మార్పులూ చెడ్డవేం కావు. వెన్ను చదునుగా ఉండాలని ఆయన పట్టుబట్టేవాడు. నేటి శిక్షకులు చాలామంది వెన్నుకున్న సహజమైన వంపును ఉండనిస్తారు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఆ లెక్కపెట్టే కేకలే మింగుడుపడవు. పదిహేనోసారి కాలెత్తేటప్పుడు ఊపిరి సంగతి ఎవరికి గుర్తుంటుంది చెప్పండి?