జాబులలో జీవించే తల్లులు

ప్రభువా, నీ కన్యలను నీ దగ్గరికి పిలుచుకునే తీరు రమ్యం. వారిని మరువనివ్వని తీరు మరీ రమ్యం!

కార్మెల్ సన్యాసినుల మఠంలో ఓ సోదరి కన్నుమూస్తే మఠశ్రేష్ఠురాలు కలం పడుతుంది. పోయిన బిడ్డ జీవితాన్ని జాబుగా రాసి, ప్రార్థనలు అర్థిస్తూ తోటి కార్మెల్ మఠాలకు పంపుతుంది. ముఖమైనా ఎరుగని అక్కచెల్లెళ్ళు ఆ జాబు విని మోకరిల్లుతారు. ఏముంటుంది అందులో? ఊడ్చిన వసారా, కుట్టిన పూజావస్త్రం, ఓర్చుకున్న నొప్పి, పెదవి దాటని విసుగు. అణువణువూ స్తోత్రమే!

ఫ్రాన్సులోని లిజియు కార్మెల్‌ను 1838లో నిలబెట్టిన తల్లులలో ఒకరు మదర్ జెనెవియేవ్. 1891 డిసెంబరు 5న ఆమె నిన్ను చేరుకుంది. కనురెప్ప అంచున ఆఖరి కన్నీటిబొట్టు జారలేదు, ఆరలేదు. వజ్రంలా మెరుస్తూ నిలిచింది. పార్థివ దేహాన్ని గుడిలో ఉంచినా మెరుపు తగ్గలేదు. సాయంత్రం ఎవరూ చూడకుండా ఓ చిన్న సోదరి సన్నని నారబట్ట ముక్కతో దాన్ని అద్దుకుంది. ఆమే లిజియు పునీతురాలు, మన చిన్న తెరేజమ్మ! కన్నీటినైనా నేలపాలు కానివ్వని ప్రేమను ఆ లేతవేళ్ళకు నేర్పినవాడివి నువ్వు కాదా, తండ్రీ?

ఆ తెరేజమ్మే క్షయతో మంచం పట్టినప్పుడు, ‘ఈమె పోతే మఠశ్రేష్ఠురాలు జాబులో ఏం రాస్తారో, చెప్పుకోదగ్గది ఏం చేసిందని’ అని ఒక సోదరి అనడం ఆమె చెవిన పడింది. ఆమె నొచ్చుకోలేదు. 1897 సెప్టెంబరు 30న, ఇరవై నాలుగేళ్ళకే, పరమపదించింది. సరిగ్గా ఏడాదికి, ఆమె రాసుకున్న నోటుపుస్తకాలనే తోబుట్టువు మదర్ ఆగ్నెస్ దిద్ది కూర్చగా, మరణజాబుకు బదులు ‘ఒక ఆత్మ కథ’ 2000 ప్రతులుగా వెలువడింది. ఏమీ చేయలేదనిపించుకున్న బిడ్డ కథ, అబ్బా, ఖండాలు దాటింది!

ఆ కథలో తెరేజమ్మ ఒక్కతే వెళ్ళిందా? వెంట కుంటుతూ ముసలి సిస్టర్ సెయింట్ పియేర్ కూడా బయల్దేరింది. సాయంత్రం ఆరుకు పది నిమిషాల ముందు ఇసుక గడియారం ఊపి పిలిచే ఆ కోపిష్ఠి అమ్మను తెరేజమ్మ నడుము పట్టి భోజనశాలకు నడిపించేది. ఆమె కోరిన తీరుగానే అంగీ చేతులు మడిచి, రొట్టె ముక్కలు కోసి, తన దగ్గరున్న అతి చక్కని నవ్వు నవ్వేది. ఆ అమ్మ కోపమూ, ఆ రొట్టె ముక్కలూ, జెనెవియేవ్ తల్లి కన్నీరూ, అన్నీ ఆ ఒక్క కథ కొంగు పట్టుకుని లోకమంతా తిరిగాయి. ప్రభువా, మేము ఒకరిని తలచుకుంటే ఇందరిని మా ఒడిలో పోస్తావు! ఎంత ధారాళం నీ చేయి!