తండ్రి చెప్పనివ్వని మాట



తప్పిపోయిన కుమారుని కథ వినని కథోలిక కుటుంబం ఉండదు. మూడేండ్లకొకసారి తపస్సు కాలపు నాలుగవ ఆదివారాన గుడిలో ఈ సువిశేషాన్నే చదువుతారు. విని విని అలవాటైపోయి, అందులోని కొన్ని మాటలు మన చెవుల్లో నిలవకుండా జారిపోతుంటాయి. ఈ సాయంత్రం ఇంట్లో జపమాల అయ్యాక పునీత లూకా సువిశేషం 15వ అధ్యాయం తీసి, 19వ వచనాన్నీ 21వ వచనాన్నీ పక్కపక్కన పెట్టి చదవండి.

పందుల మధ్య ఆకలితో కూర్చున్న ఆ కుర్రవాడు తండ్రితో చెప్పవలసిన మాటలు ముందుగానే కూర్చుకున్నాడు. పాపం చేశాను, నీ కొడుకునని అనిపించుకోను తగను, నన్ను నీ కూలివాళ్ళలో ఒకనిగా పెట్టుకో. ఇల్లు చేరాక మొదటి రెండు సంగతులూ చెప్పాడు. మూడవది 21వ వచనంలో లేదు! తండ్రి అతణ్ణి అంతదాకా రానివ్వలేదు. అప్పటికే పనివాళ్ళను కేకవేసి అంగీ, ఉంగరం, చెప్పులు తెమ్మంటున్నాడు. ఆ కాలంలో చెప్పులు లేని కాళ్ళు బానిసవి. చెప్పులు తొడిగితే ఇంటి బిడ్డ అయినట్లే.

ఇంకా వెనక్కి వెళ్తే, కొడుకు నోరు తెరవకముందే తండ్రి పరుగెత్తుకొని పోయి కౌగిలించుకున్నాడు. ఆ దేశంలో పెద్దమనిషి పరుగెత్తడం పరువు తక్కువ. మన ఊళ్ళో మాత్రం? పంచె ఎగగట్టి నడిబజారులో పరుగెత్తే పెద్దరైతును చూసి నవ్వకుండా ఉంటామా? మోషే ధర్మశాస్త్రం ప్రకారం జ్యేష్ఠునికి రెండు పాళ్ళు. అంటే చిన్నవాడు మూడోవంతు ఆస్తి తగలేసి వచ్చాడన్న మాట. ఆ లెక్క తండ్రి అడగలేదు.

నేను అడిగాను.

కొన్నేండ్ల క్రితం, క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, గుడి ముందు పశువుల పాక కడుతున్నాము. ఒక యువకుడు సైకిలు స్టాండు వేసి, "ఫాదరుగారూ, పాపసంకీర్తనం చేసుకోవాలి, తీరిక ఉందా?" అని అడిగాడు. చాలా ఏండ్లుగా గుడి మొహం చూడనివాడు. నాకు అతని తల్లి కన్నీళ్ళు గుర్తొచ్చాయి. "ఇన్నాళ్ళూ ఏమైపోయావు? మీ అమ్మను అంత ఏడిపించి, ఇప్పుడు గుర్తొచ్చామా?" అన్నాను. చుట్టూ పిల్లలున్నారు. "మళ్ళీ వస్తానండి" అని తల వంచుకున్నాడు. చేతిలోని వెదురు బొంగు కింద పెట్టి చూసేసరికి సైకిలు గేటు దాటిపోయింది. ఇంతవరకు రాలేదు.

దేవుడంటే లెక్కలు చూసేవాడని మన మనసులో ఎక్కడో నాటుకుపోయింది. గురువునైన నాకే అలా ఉంటే మిమ్మల్ని ఏమనగలను? గుణదల మాతకు మొక్కుకున్న తలనీలాలు ఆలస్యమైనందుకే బిడ్డకు జ్వరం వచ్చిందని భయపడే తల్లులున్నారు. మొక్కు తీర్చుకోవడం మంచిదే, అది కృతజ్ఞత. కాని దేవుడు బాకీ వసూలుకు జ్వరాన్ని పంపుతాడా? అమ్మా, పసిగుడ్డుగా ఉన్నప్పుడే మీ బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించారు గదా. అప్పటికి ఆ బిడ్డ ఏ జపం నేర్చిందని? పాలు తాగడం, ఏడవడం తప్ప ఏమీ తెలియని పసికందును దేవుడు తన బిడ్డగా చేసుకున్నాడు.

"అయితే పాపం చేసినా ఫరవాలేదా?" అని మీరడుగుతారు. ఫరవా ఉంది. దూరదేశంలో ఆ కొడుకు పడిన ఆకలి నిజమైన ఆకలే. తండ్రి ప్రేమ ఏమాత్రం తగ్గకపోయినా, అక్కడున్నంతకాలం అతనికి అది అన్నం పెట్టలేకపోయింది. అందుకే లేచి నడవాలి. పాపసంకీర్తనం ఆ నడకే. దానితో దేవుని ప్రేమను కొనుక్కోము. మనం ఇంకా పాపులుగా ఉండగానే క్రీస్తు ప్రభువు మనకోసం మరణించారని పునీత పౌలు రోమీయుల లేఖ 5వ అధ్యాయంలో వ్రాశారు.

దేవునికి చెల్లింది గాని మనుషులకు ఇది అయ్యే పనేనా? కేరళలో పుట్టి, మధ్యప్రదేశ్‌లో పేద రైతుల పక్షాన నిలిచిన సిస్టర్ రాణి మరియను 1995 ఫిబ్రవరి 25న బస్సులో వెళ్తుండగా సమందర్ సింగ్ అనే అతను కత్తితో పొడిచి చంపాడు. ఆమె చెల్లెలు, ఆమె కూడా మఠకన్యే, 2002లో జైలుకు వెళ్ళి అతనికి రాఖీ కట్టారు. రాఖీ ఎవరికి కడతారో మీకు తెలుసు. అతను 2006లో విడుదలయ్యాడు. 2017 నవంబరు 4న ఇందోరులో రాణి మరియను ధన్యురాలిగా ప్రకటించిన దివ్యపూజలో అతనూ ఉన్నాడు.

ఇష్టం లేని పెళ్ళి చేసుకున్నదని కూతురి పేరే ఎత్తని ఇళ్ళు మన విచారణల్లో ఎన్ని లేవు? "ముందు వచ్చి కాళ్ళు పట్టుకోమనండి, తరువాత చూద్దాం" అంటారు తండ్రులు. అయ్యా, సువిశేషంలోని తండ్రి ఆ 'ముందు'ను తానే తీసుకున్నాడు. అలిగి వాకిట్లో నిలబడిన పెద్దకొడుకు ఆ రాత్రి విందుకు లోపలికి వచ్చాడో లేదో ప్రభువు చెప్పలేదు.

ఆ సైకిలు యువకుడు ఇది చదువుతుంటే: బాబూ, మీ ఇంటికి నేనే రావాలనుకుంటున్నాను. వచ్చినప్పుడు ఏమీ అడగను. ఈలోగా నువ్వే వస్తే, శనివారం సాయంత్రం జపమాల తరువాత గుడిలోనే ఉంటాను.